నాలుగంగుళాలు తక్కువ

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ పెన్సిలమ్మ అంటారు. మొహాన అనరు లెండి, మొహాన మేడమే. కొత్త బిల్డింగుల ప్లాన్లు పరీక్షించే సెక్షన్లో ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకే కిటికీ పక్కన, ఒకే బల్ల ముందు కూర్చుంటోంది. కుర్చీలు నాలుగు మారాయి గానీ నడుము అదే కదా, అందుకని ఈమధ్య అది మొరాయిస్తోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి లేచి నిలబడాలంటే బల్ల పట్టుకోవాలి.

ఇప్పుడందరూ ప్లాన్లు కంప్యూటర్లోనే చూసి పారేస్తారు. పెన్సిలమ్మకి అది సహించదు. పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా టీ గ్లాసో, స్టాప్లరో ఏది దొరికితే అది పెట్టి, పెన్సిలు చెక్కుకుని అప్పుడు కాపురం పెడుతుంది. అంటే ప్లానులో ఖాళీగా ఉన్న గదిలో మంచం గీస్తుంది. బీరువా గీస్తుంది. తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో వంకీ గీసి, ఆ వంకీ మంచానికి తగులుతుందేమో చూస్తుంది. కాగితం మీద అన్ని గదులూ బాగానే ఉంటాయి, మనిషి దిగాకే కదా బండారం బయటపడేది.

"ఏం మేడమ్, ఎవరు దిగారివాళ కొత్తగా?" అంటాడు పక్క బల్ల ఫైళ్ల గుమాస్తా. అతని పేరు రేడియో. ఆఫీసులో ఏ వార్తయినా పుట్టకముందే అతని దగ్గర మోగుతుంది కాబట్టి.

"భార్యాభర్తలు, ఒక కుంటి ముసలాయన. బాత్రూములో చేతికర్ర పట్టట్లేదు," అంటుంది ఆవిడ తలెత్తకుండా. ఆ ప్లాను మర్నాడు వెనక్కి వెళ్లిపోతుంది.

ఇక్కడో రూలు సంగతి చెప్పుకోవాలి. ఊళ్లో ఇరవై ఫ్లాట్లు దాటి ఏ బిల్డింగు కట్టినా, ఎనిమిదింటికి ఒకటి చొప్పున చిన్న జీతాలవాళ్లకి, వాళ్లకి అందే అద్దెకి ఇవ్వాలి. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడితే, ఆ పాత ఇంట్లో అద్దెకున్నవాళ్లకి మొదటి హక్కు. వీటిని ఆఫీసులో వాటా ఇళ్లు అంటారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. బిల్డర్లకి రూలు చూపించడమంటే పిల్లికి పాలగిన్నె మూత చూపించడమే, ఎక్కణ్ణుంచి తియ్యాలా అని చూస్తారు. ఇరవై ఒకటి కట్టగలిగినవాడు ఇరవైతో ఆపుతాడు. వాటా ఇళ్లకి వెనక సందులోంచి, చెత్తడబ్బాల పక్కనుంచి వేరే గుమ్మం పెడతాడు. కిటికీ పెట్టమంటే గోడవైపు పెడతాడు. వాళ్లతో వాదించీ వాదించీ పెన్సిలమ్మకి విసుగు కూడా పాతబడిపోయింది.

ఆ బుధవారం వచ్చిన ఫైలు అట్ట మీద వీధి పేరు, ఇంటి నంబరు చూసి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ చూసింది. అదే ఇల్లు. అక్క ఉంటున్న ఇల్లు.

అక్క టైలరు. ఆ పాతింటి మేడ మీద ఒక్క గదిలో ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే, డ్రాయింగు కోర్సు చదివించిందీ అక్కే. పెళ్లి ఊసెత్తితే, "ముందు ఈ ప్యాంటు అంచు కుట్టనియ్యండి," అనేది. ఆ అంచు పూర్తయ్యేసరికి అరవై ఒకటి వచ్చాయి. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అక్క చెయ్యి పడని బట్ట లేదు. స్కూలు యూనిఫారాలు, పరదాలు, లావెక్కినవాళ్లకి వదులు చెయ్యడం, చిక్కినవాళ్లకి బిగించడం.

ఇంటాయన నోటీసిచ్చాడు, వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అక్క పెద్దగా బాధపడలేదు. రూలుందని చెల్లెలు ఎప్పుడో చెప్పింది కదా. ఏడాదిన్నర ఊరవతల ఎక్కడో తలదాచుకుని, బిల్డింగు లేచాక వాటా ఇంట్లోకి వచ్చెయ్యొచ్చు. అందుకే తలుపుకి కాగితం అంటించింది: "ఏడాదిన్నర ఓపిక పట్టండి. మళ్లీ ఇక్కడికే వస్తాను. టైలరు." అక్షరాలు కూడా టాకాలు వేసినట్టు సమానంగా ఉంటాయి అక్కవి.

పెన్సిలమ్మ ఫైలు పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది. "సార్, ఈ ఇంట్లో మా అక్క అద్దెకుంటోంది. దీన్ని ఇంకెవరికైనా ఇవ్వండి."

పెద్దసారు ఫోన్లోంచి తల తిప్పకుండానే, "ఇంకెవరున్నారమ్మా? ఒకాయన సెలవు, ఒకావిడ పురిటికెళ్లింది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి అక్క ఉంటుంది. మీరే చూడండి," అన్నాడు.

సరే, చూసింది. మొత్తం నలభై ఎనిమిది ఫ్లాట్లు, వాటా ఇళ్లు ఆరు. గుమ్మం అందరితోపాటే ముందు నుంచి పెట్టారు. కిటికీ వీధివైపే ఉంది. ఈసారి బుద్ధిమంతుడు దొరికాడే అనుకుంది. ఒక వాటా ఇంట్లో కాపురం పెట్టడం మొదలుపెట్టింది, మొదట గీసింది కుట్టుమిషను. ఎవరి మిషనో మీకు చెప్పక్కర్లేదు కదా.

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా అక్క దగ్గరికెళ్లింది. అక్క మిషను మీదే ఉంది. మిషనుకి బిగించిన పక్కచెక్క మీద ఎవరివో ప్యాంట్లు గుట్టగా పడున్నాయి. ఆ పక్కచెక్క మీదే చెల్లెలు చిన్నప్పుడు కోర్సు డ్రాయింగులన్నీ వేసింది. అక్క ఇటు తొక్కుతుంటే అటు గీతలు వణికేవి. కాసేపు తొక్కకు అక్కా అనేది చెల్లెలు. నువ్వు కాసేపు గియ్యకు అనేది అక్క.

చెల్లెలు బ్యాగులోంచి టేపు తీసి మంచం కొలిచింది. మిషను ఈ చివర నుంచి పక్కచెక్క ఆ చివరిదాకా కొలిచింది.

"ఏం కొలుస్తున్నావే?" అంది అక్క దారం కొరుకుతూ.

"ఊరికే."

"ఊరికే కొలవడానికి నీకు జీతమిస్తారు చూడు, వాళ్లననాలి. టీ తాగుతావా?"

టీ తాగి ఇంటికెళ్లిపోయింది. ఎందుకు కొలిచిందో చెప్పలేదు. ఫైలు తన బల్ల మీదే ఉందని కూడా చెప్పలేదు. ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదన్నది ఆవిడ నియమం. నియమాలంటే ఆవిడకి మహా ఇష్టం, అదే వచ్చింది చిక్కు.

మర్నాడు లెక్క చూసింది. కిటికీ ఉన్న గోడ వెంబడి మంచానికి మూడున్నర అడుగులు, మిషనుకి నాలుగు, తలుపు తెరుచుకోవడానికి రెండున్నర. వెరసి పది. రూలు ప్రకారం గది వెడల్పు పది ఉండాలి, ప్లాను మీద పది అనే రాసుంది. కానీ పెన్సిలమ్మ రాసింది నమ్మే మనిషి కాదు. స్కేలు పెట్టింది. వాళ్లు గోడ మధ్య నుంచి గోడ మధ్యకి కొలిచారు. లోపల్నుంచి లోపలికి కొలిస్తే తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలే. నాలుగంగుళాలు తక్కువ. తలుపు తీస్తే అక్క మిషనుకి తగులుతుంది. రోజంతా జనం వచ్చిపోయే గది, తలుపు సగమే తెరుచుకుంటే ఎలా?

ఇలాంటి చిన్న తేడాలుంటే, 'స్వల్ప తేడా, అనుమతించవచ్చు' అని ఒక ముక్క రాసి పంపే అధికారం ఆవిడకుంది. మెట్ల దగ్గర, మేడ పైన ఎన్నోసార్లు రాసింది కూడా. ఈసారి రాయబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లు ఇరుకులో కుట్టింది అక్క, ఈసారైనా తలుపు బార్లా తీసుకుని కుట్టనీ అనిపించింది. రూలు కోసమా, అక్క కోసమా అని ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పేదో ఆవిడకే తెలియదు.

సంగతి తెలిసి సోమవారం బిల్డరు తరఫు ఆర్కిటెక్టు ఒకమ్మాయి, భుజానికి కాగితాల గొట్టం తగిలించుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, నాలుగంగుళాలే కదా. నోట్ రాసి పంపించెయ్యండి ప్లీజ్. గోడ జరపాలంటే కింద స్తంభాలు జరపాలి. లెక్కలన్నీ మళ్లీ వెయ్యాలి. మూడు వారాలు పడుతుంది."

"పట్టనివ్వమ్మా. ఉండేవాళ్లు మూడు వారాలుండి వెళ్లిపోరు."

"మేడమ్, నేనూ ఒక్క గదిలోనే పెరిగాను. నలుగురం. నాలుగంగుళాలకి ఎవరూ చచ్చిపోరు."

"చచ్చిపోరు. తలుపు తీసినప్పుడల్లా విసుక్కుంటారు," అంది పెన్సిలమ్మ, ఎర్ర సిరాతో అభ్యంతరం రాస్తూ.

ఆ అమ్మాయి కాగితాలు గొట్టంలోకి దోపుకుంది. "మీ ఇష్టం మేడమ్," అని గొట్టం భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

ఇదంతా విన్న రేడియో కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మేడమ్, ఒక మాట. రూలు మారుతోందట. ఇరవై కాదు, అరవై ఫ్లాట్లు దాటితేనే వాటా అట. మన బల్ల మీద తేలకుండా ఉన్న ఫైళ్లన్నీ కొత్త రూలు కిందికే పోతాయట. దీన్ని పట్టి ఉంచకండి."

"ఆరేళ్ల నుంచీ ఇదే పాట. మీరు చెప్పిన వానలన్నీ పడుంటే ఈ ఊరు ఎప్పుడో కొట్టుకుపోయేది."

"ఈసారి నిజం మేడమ్."

"పోయిన్సారి కూడా నిజమేగా."

రేడియో నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిణ్ణి మాత్రం ఏమనగలం? రోజూ పులొచ్చె పులొచ్చె అనేవాడు ఒకరోజు నిజం చెప్తే ఎవరు నమ్ముతారు.

పదహారు రోజులు గడిచాయి. పదిహేడో రోజు, గురువారం, మధ్యాహ్నం మూడింటికి పెన్సిలమ్మ బల్ల పట్టుకుని లేవబోతుంటే రేడియో వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే మొదలుపెట్టేవాడు ఆవేళ నోరెత్తలేదు. కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన ఆర్డరు. అరవై ఫ్లాట్ల లోపు బిల్డింగులకి వాటా ఇళ్ల నిబంధన వర్తించదు. ఈ రోజుకి అనుమతి పొందని ప్లాన్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

లేవబోయినావిడ మళ్లీ కూర్చుంది. కాగితం రెండుసార్లు చదివింది. నలభై ఎనిమిది. పదిహేడు రోజుల కింద ఒక్క ముక్క రాసుంటే ఆ ఆరు ఇళ్లూ ఈపాటికి గట్టెక్కేవి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఆ పూజారి తనే.

"మేడమ్, మంచినీళ్లు తాగండి," అన్నాడు రేడియో. నేను చెప్పానా అని మాత్రం అనలేదు. అతనిలో అంత మర్యాద ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆవిడ పెద్దసారు దగ్గరికెళ్లింది. పాత తేదీ వేసి పంపొచ్చా అని అడిగింది, ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి. పెద్దసారు ఫోను బల్ల మీద పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. "మీ చేతి ఎర్ర సిరా దాని మీదే ఉందమ్మా," అన్నాడు. అది నిజమే. అభ్యంతరం రాసింది తనే, తేదీ వేసింది తనే, గుండ్రంగా సంతకం పెట్టింది కూడా తనే.

వారం తిరక్కుండా కొత్త ప్లాను వచ్చింది. గోడలు జరపడానికి మూడు వారాలన్నవాళ్లు గోడలు తీసెయ్యడానికి ఆరు రోజులే తీసుకున్నారు. ఆరు వాటా ఇళ్లూ పోయి, వాటి చోట రెండు పెద్ద ఫ్లాట్లు వచ్చాయి. ఆర్కిటెక్టు అమ్మాయే తెచ్చింది. కాగితం పరిచి, మూలన టీ గ్లాసు తనే పెట్టి, పక్కన నిలబడింది.

ఆవిడ అలవాటు కొద్దీ స్కేలు తీసింది. అక్క మిషను గీసిన చోట ఇప్పుడో గది ఉంది. వెడల్పు లోపల్నుంచి లోపలికి పదడుగులు, నికరంగా. కిటికీ కూడా అక్కడే ఉంది.

"ఇదేం గది?"

"బట్టల గది మేడమ్. అంటే బట్టలు పెట్టుకోవడానికి." ఆ అమ్మాయి కిందికి చూస్తూ చెప్పింది. "కొలతలన్నీ నేనే మళ్లీ చూశాను. మీరన్నట్టే లోపల్నుంచి తీశాను."

పెన్సిలమ్మ మిగతా గదులు కూడా కొలిచింది. మెట్లు, గాలి, వెలుతురు, నీళ్ల గొట్టాలు, అన్నీ చూసింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆ అమ్మాయి పనిమంతురాలు. సంతకం పెట్టకుండా ఫైలుని తొక్కిపెడితే? పెడితే మాత్రం ఏమొస్తుంది, రేపు పెద్దసారు పెడతాడు. నీరసంగా పెన్ను తీసి సంతకం పెట్టింది. పెన్సిలు ముట్టుకోలేదు. ఆ బట్టల గదిలో ఎవరూ కాపురానికి దిగలేదు.

అక్కకి ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పింది. రూలు మారిందక్కా, నీకిక ఆ ఇల్లు రాదు అని. అవతల మిషను చప్పుడు ఆగింది.

"సర్లే," అంది అక్క. "ఎక్కడో పైవాళ్లు చేసినదానికి నువ్వేం చేస్తావ్? నీ చేతిలో ఏముంది."

ఆ మాటకి చెల్లెలికి రెండు రోజులు అన్నం సయించలేదు.

నెలాఖరు ఆదివారం ఖాళీ చేసే రోజు. కింద వ్యాను నిలబడింది. అక్క వెళ్లేది రెండు బస్సులు మారి వెళ్లాల్సిన చోట, ఎవరి సామాన్లగదో ఖాళీగా ఉంటే అద్దెకిచ్చారు. అక్కడ అక్క ఎవరికీ తెలియదు. అరవై ఒకటో ఏట మళ్లీ మొదటి ప్యాంటు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు పాత ఖాతాదార్లు వచ్చి తలుపు మీద కాగితం చదువుకుని, "ఏడాదిన్నరేగా, ఎదురుచూస్తాంలే," అని వెళ్లారు. వాళ్లు మెట్లు దిగాక అక్క ఆ కాగితం నాలుగు మూలలా గోటితో గీకి, చిరగకుండా తీసి, మడిచి దారాల డబ్బాలో పెట్టుకుంది.

మంచం దిగింది, గిన్నెలు దిగాయి. మిగిలింది మిషను. చెల్లెలు ఒకవైపు పట్టుకుంది.

"ఆగు, అలా గుమ్మంలో పట్టదు," అంది అక్క. వంగి, పక్కచెక్క కింద చెయ్యి పెట్టి, ఇనుప గొళ్లెం లాంటిదేదో లాగింది. తుప్పు పట్టిందేమో రాలేదు. మళ్లీ లాగింది. చెక్క టపీమని కిందికి వాలి, మిషను పక్కకి అతుక్కుపోయింది.

చెల్లెలు పట్టు వదిలేసింది. ఆ చెక్క మడవొచ్చని ఆవిడకి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక అది మడిచి ఉండగా చూడలేదు. ఎప్పుడూ దాని మీద బట్టలో, తన డ్రాయింగులో ఉండేవి. అక్క ఈ గదిలోకి దిగిన రోజు తను సెలవు దొరకలేదని రానే లేదు. బ్యాగులోంచి టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని కొలిచింది. పక్కచెక్క తొమ్మిదంగుళాలు.

"ఇంకా ఏం కొలుస్తావే? కింద వ్యానువాడు హారను కొడుతున్నాడు."

"అక్కా, ఆ ఫైలు నా దగ్గరికే వచ్చింది," అంది చెల్లెలు నేల మీంచి లేవకుండానే. "రూలు మారకముందే వచ్చింది. నేనే వెనక్కి పంపాను. గది నాలుగంగుళాలు తక్కువైందని. తలుపు మిషనుకి తగులుతుందని. పంపకుండా ఉంటే ఇల్లు వచ్చేది నీకు."

"ఏ మిషనుకి?"

"దీనికే."

అక్క మిషను వైపు చూసింది. వేలాడుతున్న పక్కచెక్క వైపు చూసింది. చెల్లెలి చేతిలో తొమ్మిది దగ్గర ఆగిన టేపు వైపు చూసింది. కింద హారను మళ్లీ మోగింది. అక్క స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాపింది గానీ, స్టూలు అప్పటికే వ్యానెక్కింది. గోడకి ఆనుకుని నిలబడింది.

"నన్నొక్క మాట అడగాల్సింది కదే," అంది.

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. చెల్లెలికి ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే అక్క ఓదార్చాలి. అక్కకి ఆ పని కూడా పెట్టడం ఇష్టం లేక ఊరుకుంది. టేపు చుట్టి బ్యాగులో వేసుకుంది.

అక్క ముక్కు తుడుచుకుని, "లే. నువ్వు ఆ చివర పట్టు. నడుము జాగ్రత్త," అంది.

ఇద్దరూ ఎత్తారు. మిషను గుమ్మంలోంచి సులువుగానే బయటికొచ్చింది. రెండు పక్కలా ఇంకా చోటు మిగిలింది.